హకీం తక్కెడ

మన వైద్య చరిత్ర రాసేవాళ్లు మామూలుగా రెండు అధ్యాయాలు రాస్తారు. మొదటిది ఆయుర్వేదం, అది దేశీయం. రెండోది ఇంగ్లీషు వైద్యం, అది ఆధునికం. ఈ రెండింటి మధ్య వందల ఏళ్లు ఈ నేల మీద నాడి పట్టి మందిచ్చిన హకీం ఎక్కడికి పోయాడు? పాఠ్యపుస్తకాల్లో ఆయన కనపడడు. కనపడినా ఒక్క వాక్యంలో, అదీ పరాయివాడిగా కనపడతాడు.

కానీ భాషలో ఉన్నాడు. జ్వరమొచ్చిన తెలంగాణ రైతు ఇప్పటికీ పోయేది దవాఖానకే. పుండుకి రాసేది మలాం. కడుపు కడగటానికి వేసుకునేది జులాబు. ఈ మాటలు వాడేవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు కారు. 2018లో హైదరాబాదు పేదల వాడల్లో ప్రభుత్వం తెరిచిన చిన్న ఆసుపత్రులకి పెట్టిన పేరు కూడా బస్తీ దవాఖానాలే. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ హైదరాబాదులో తయారుచేసిన జిందా తిలిస్మాత్ సీసా ఎన్నో హిందువుల ఇళ్లలో దేవుడి గూటి పక్కనే ఉంటుంది. జలుబు చేసినప్పుడు అది ఎవరి మందని ఎవరూ అడగరు.

జలుబు తగ్గాకే ఆ ప్రశ్న వస్తుంది. అప్పుడు మా మందు ‘తురక మందు’ అవుతుంది, నాటు వైద్యం అవుతుంది. ఇది బయటి నుంచి వచ్చే మాట. లోపలి నుంచి ఇంకో మాట వస్తోంది. ఇది మన దీనీ వైద్యం, చెట్ల మందు, దీనికి సైడ్ ఎఫెక్టులే ఉండవు, ఎంత తీసుకున్నా ఫరవాలేదు అని మాలోనే కొందరు చెప్తున్నారు. మసీదు ముందు బండి మీద, అత్తరు సీసాల పక్కన, ఈ మాటతోనే పొట్లాలు అమ్ముతున్నారు. మొదటి మాట మమ్మల్ని అవమానిస్తుంది. రెండోది మమ్మల్ని పొగుడుతున్నట్టే ఉంటుంది. రెండూ కలిసి చేసే పని ఒక్కటే, హకీం చేతిలోని తక్కెడను మాయం చేయటం. యునానీ అంటే మూలికల సంచి కాదు. అది కొలత శాస్త్రం. ఆ కొలతను మరిచిపోతే మేం మా వారసత్వాన్ని కాపాడుకుంటున్నట్టు కాదు, పోగొట్టుకుంటున్నట్టు.

ఈ మాట నిలబెట్టటానికి నిద్రని తీసుకుందాం. ఎందుకంటే యునానీలో నిద్ర చిన్న విషయం కాదు. ఆరోగ్యానికి తప్పనిసరి కారణాలు ఆరు అంటారు హకీంలు. గాలి, తిండీ నీళ్లూ, ఒంటి కదలికా విశ్రాంతీ, మనసు కదలికా విశ్రాంతీ, నిద్రా మెలకువా, ఒంట్లో నిలవాల్సినవి నిలవటమూ పోవాల్సినవి పోవటమూ. వీటినే అస్బాబె సిత్తా జరూరియా అన్నారు. నిద్ర పట్టటం లేదని వచ్చిన మనిషికి మంచి హకీం మొదట మందివ్వడు. ఏం తింటున్నావు, ఎప్పుడు తింటున్నావు, పని ఏమిటి, గుండెలో బెంగ ఏమిటి అని అడుగుతాడు. మందు వంతు ఆ తరవాత వస్తుంది.

ఈ శాస్త్రం ఎవరిది? పేరులోనే ఉంది. యునాన్ అంటే గ్రీసు. బుఖ్రాత్, జాలీనూస్ అని మా పెద్దలు పిలిచినవాళ్లు గ్రీకు వైద్యులు హిప్పోక్రటీస్, గేలెన్. వాళ్ల గ్రంథాల్ని 9వ శతాబ్దంలో బగ్దాదులో అరబ్బీలోకి తెచ్చినవాళ్లలో పెద్దవాడు హునైన్ ఇబ్న్ ఇస్హాఖ్, ఆయన క్రైస్తవుడు. అదే బగ్దాదులో, హారూన్ రషీద్ కొలువులో, మన్కా అనే భారతీయ వైద్యుడున్నాడు. చరకుడూ సుశ్రుతుడూ అక్కడ అరబ్బీలోకి వెళ్లారు. 850 ప్రాంతంలో అలీ ఇబ్న్ రబ్బన్ తబరీ రాసిన ఫిర్దౌసుల్ హిక్మా అనే వైద్య గ్రంథంలో భారతీయ వైద్యానికి విడిగా ఒక భాగమే ఉంది. 1512లో సికందర్ లోదీ కాలంలో మియాఁ భువా సంస్కృత వైద్య గ్రంథాల నుంచి పారసీలో ఒక పెద్ద సంకలనం చేశాడు. బీజాపూరులో కూచుని దక్కను చరిత్ర రాసిన ఫిరిష్తా కూడా భారతీయ వైద్యం మీద పారసీలో పుస్తకం రాశాడు. గ్రీకులు, సిరియా క్రైస్తవులు, అరబ్బులు, ఇరానీలు, హిందూ వైద్యులు అందరి చేతులూ పడ్డ వైద్యం ఇది. దీన్ని ‘ముస్లిం వైద్యం’ అని బయటివాళ్లు తోసేయటం ఎంత తప్పో, ‘మాకు మాత్రమే దిగిన వైద్యం’ అని మావాళ్లు గుంజుకోవటం అంతే తప్పు.

మా ఊరి కథ కూడా ఇందులో ఉంది. 1591లో హైదరాబాదు కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా నాలుగేళ్లకే దారుల్ షిఫా కట్టించాడు. అందులో రోగుల్ని చూసేవాళ్లు, వైద్యం నేర్పేవాళ్లు. ఆ పేరుతో పేట ఇప్పటికీ ఉంది. చార్మినార్ చూసొచ్చిన జనంలో ఎందరికి ఈ సంగతి తెలుసు? ఆ నగరానికి ఆలోచన పోసిన పీష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ తూకాల మీద, కొలతల మీద రిసాలా మిక్దారియా అనే చిన్న గ్రంథం రాశాడు. రాజ్యం నడిపేవాడు తూకాల లెక్క రాయటానికి కూచున్నాడంటే ఆ కాలం కొలతకి ఎంత విలువిచ్చిందో అర్థమవుతుంది.

ఇంకా వెనక్కి వెళ్దాం. ఇబ్న్ సీనా (980–1037) తన అల్ ఖానూన్‌లో మందుని ఎలా పరీక్షించాలో నియమాలు రాశాడు. మందులో వేరే గుణం కలవకూడదు. ఒకే రోగం ఉన్న మనిషి మీద చూడాలి, నాలుగు రోగాలు కలిసినవాడి మీద కాదు. పరస్పరం విరుద్ధమైన రోగాల మీద కూడా చూడాలి. మందు పనిచేయటానికి పట్టే కాలం గమనించాలి. ఫలితం ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ రావాలి. చివరికి మనిషి మీదే చూడాలి, సింహం మీదో గుర్రం మీదో చూసి మనిషికి చెప్పకూడదు. వెయ్యేళ్ల కిందటి మాటలివి. ‘మా నానాకి తగ్గింది, నీకూ తగ్గుతుంది’ అనటం యునానీ కాదని చెప్పటానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

హకీంలు మందులకి నాలుగు దర్జాలు పెట్టారు. మొదటి దర్జా మందు పని ఒంటికి తెలిసీ తెలియనట్టుంటుంది. నాలుగో దర్జా మందు ప్రాణం తీయగలదు. నిద్ర తెప్పించే మందుల్లో అన్నిటికంటే పేరున్న అఫీమ్‌ని, అంటే నల్లమందుని, ఇబ్న్ సీనా పెట్టింది ఆ నాలుగో దర్జాలోనే. యునానీ ద్రవ్యాల పుస్తకం ఏది తెరిచినా ఒక్కో మూలిక కింద అయిదు వరసలు కనపడతాయి. నఫా, అంటే మేలు. ముజిర్, అంటే ఎవరికి ఏ అవయవానికి చెరుపు. ముస్లిహ్, అంటే ఆ చెరుపుకి విరుగుడు. బదల్, అంటే అది దొరక్కపోతే బదులు. మిక్దారె ఖురాక్, అంటే ఎంత తీసుకోవాలి. సోంపుకి కూడా ముజిర్ రాశారు. బాదంపప్పుకి కూడా రాశారు. చెట్ల మందుకి చెరుపే లేదని ఈ రోజు మాకు చెప్పేవాళ్లు మా పుస్తకాల్లో రెండో వరసని చింపేసి మిగతాది అమ్ముతున్నారు.

ఈ పుస్తకాలు మగవాళ్లవి. ఇంట్లో వైద్యం చేసింది మాత్రం మా నానీలు, దాదీలు. వాళ్లకి చదువు లేకపోవచ్చు, దర్జాల సంగతి చేతికి తెలుసు. నిద్ర పట్టనివాళ్లకి నెత్తిన గుమ్మడి గింజల నూనె, కాహూ నూనె పెట్టేవాళ్లు. కొన్న ఇళ్లలో ఏడు పప్పుల నూనె, రోగనె లబూబె సబా. అరికాళ్లకి నూనె మర్దనా, గోరువెచ్చని పాలు, రాత్రి తేలిక తిండి. మధ్యాహ్నం కాస్త ఖైలూలా, అంటే కునుకు. దూదేకుల ఇళ్లలో ఇదే వైద్యం తెలుగులో నడిచింది. ఇవన్నీ మొదటి దర్జా పనులు. నూనె ఒంటికి పడకపోతే దురద వస్తుంది, అంతకుమించి పెద్దగా భయపడాల్సింది లేదు.

కానీ అదే వంటింట్లో నాలుగో దర్జా కూడా ఉంది. గసగసాలు వేరు, గసగసాల కాయ బెరడు వేరు. గింజ వంటకి పనికొచ్చేది. బెరడులో నల్లమందు ఉంటుంది. దాన్ని కషాయం కాచి తాగితే శ్వాస మందగించి ప్రాణం పోవచ్చు. ఏడ్చే బిడ్డని పడుకోబెట్టి పనికి పోవటానికి నల్లమందు నలుసు నాలిక మీద పెట్టటం ఒకప్పుడు ఈ దేశంలో చాలాచోట్ల ఉండేది. బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులు ‘బాలా గోలీ’ పేరుతో అదే పెట్టేవాళ్లు. హిందువులూ పెట్టారు, ముస్లింలూ పెట్టారు. పెట్టించింది మతం కాదు, బిడ్డని చూసే దిక్కులేని కూలి బతుకు. యునానీలో నిద్రకీ నొప్పికీ ఇచ్చే బర్షాషా అనే లేహ్యంలో కూడా నల్లమందు ఉంటుంది. అది అర్హత ఉన్న హకీం తూచి ఇవ్వాల్సిన మందు, ఒకరి డబ్బాలోంచి ఇంకొకరు నాకాల్సింది కాదు. దేశంలో మందుల చట్టం కూడా నల్లమందు, ఉమ్మెత్త, ముష్టి గింజ లాంటివి కలిసిన యునానీ మందుల మీద వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలని రాయమంటుంది. చీటీ లేని పొట్లం మీద ఆ మాట ఎవరు రాస్తారు?

నిద్రకీ పిచ్చికీ వాడిన ఇంకో మొక్క సర్పగంధ. మా హకీంలు అస్రోల్ అన్నారు. ఉత్తర హిందూస్థాన్ పల్లెల్లో దాన్ని పాగల్ కీ దవా అని పిలిచేవాళ్లు. దీని కథ అందరూ తెలుసుకోవాల్సింది. ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ (1868–1927) ఆయుర్వేద, యునానీ వైద్యాల్ని పక్కపక్కన నేర్పే తిబ్బియా కాలేజీ కట్టాడు. వైద్యుల్నీ హకీంల్నీ ఒకే వేదిక మీదికి తెచ్చి, రెండు వైద్యాల్నీ పక్కకి నెట్టే వలస ప్రభుత్వ చట్టాల్ని ఎదిరించాడు. 1921 ఫిబ్రవరిలో ఆ కాలేజీని గాంధీ ప్రారంభించాడు. అక్కడ నిలబడి హకీంల్నీ వైద్యుల్నీ పొగడలేదు, పాశ్చాత్య శాస్త్రజ్ఞుల పరిశోధన దృష్టి మీకు లేదని నిష్ఠూరంగా చెప్పాడు. అజ్మల్ ఖాన్ ఆ మాటకి అలగలేదు. జర్మనీలో రసాయన శాస్త్రం చదివిన సలీముజ్జమాన్ సిద్దీఖీని పిలిపించి పరిశోధన చేయమన్నాడు. 1931లో సిద్దీఖీ సర్పగంధ వేరు నుంచి ఒక ద్రవ్యం తీసి, అప్పటికే చనిపోయిన హకీం పేరిట దానికి అజ్మలీన్ అని పేరు పెట్టాడు. అదే సంవత్సరం కలకత్తాలో సేన్, బోస్ అనే ఇద్దరు వైద్యులు ఆ వేరు రక్తపోటునీ ఉన్మాదాన్నీ తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి పార్సీ డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రోగుల మీద చూసిన ఫలితాల్ని బ్రిటిష్ పత్రికలో అచ్చువేశాడు. 1952లో స్విట్జర్లాండు వాళ్లు అదే వేరు నుంచి రిసర్పీన్ తీశారు.

కథ ఇక్కడితో ఆగితే మాకు గర్వమే. కానీ ఆగలేదు. రిసర్పీన్ లక్షల మంది చేతికి వెళ్లాక కొందరు రోగులు తీవ్రమైన దిగులులో పడటం, రక్తపోటు మరీ పడిపోవటం డాక్టర్లు చూశారు. క్రమంగా వాడకం తగ్గించారు. వేరులో గుణం నిజం. చెరుపు కూడా నిజం. ఈ రోజు బీపీ మాత్ర వేసుకునే మనిషి నిద్ర కోసం సర్పగంధ పొడి పాలల్లో కలుపుకుంటే ఒకే పనికి రెండు మందులు వేసుకున్నట్టే. కళ్లు తిరిగి పడిపోతాడు.

ఇంగ్లీషు వైద్యం కూడా తప్పులు చేసి దిద్దుకున్నదే. మనిషిని నిద్రపుచ్చే క్లోరోఫారం గుండెకి ప్రమాదమా కాదా తేల్చటానికి 1888, 1889లలో హైదరాబాదులో రెండు కమిషన్లు పనిచేశాయి. డబ్బు ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. నడిపింది హైదరాబాదు మెడికల్ స్కూలు పెద్ద ఎడ్వర్డ్ లారీ. శ్వాస గమనిస్తే చాలు, గుండెకి భయం లేదని ఆయన తేల్చాడు. 1911లో లెవీ అనే ఇంగ్లీషు డాక్టరు క్లోరోఫారం తేలిగ్గా ఎక్కినప్పుడు కూడా గుండె హఠాత్తుగా ఆగగలదని చూపించాడు. లారీ లెక్క తప్పింది. తప్పిందని చెప్పుకున్నారు కాబట్టే ఆ వైద్యం ముందుకు పోయింది. మా వైద్యానికి కూడా ఆ హక్కు కావాలి. మా మందులోని చెరుపుని మేమే లెక్కగట్టి చెప్తే అది ద్రోహం కాదు.

అందుకే మా ఇళ్లలో అలవాటైన కొన్నింటి గురించి నేరుగా మాట్లాడాలి. పుట్టిన బిడ్డ నాలికకి తేనె రాయటం చాలా ఇళ్లలో ఉంది. ఏడాది నిండని బిడ్డకి తేనె పెట్టకూడదు. అందులో ఉండగల సూక్ష్మజీవి బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెస్తుంది. సున్నత్ అంటారా, హదీసుల్లో తహ్నీక్ కోసం చెప్పింది ఖర్జూరం, తేనె కాదు. అదైనా ముందు పిల్లల డాక్టరుని అడిగి చేసుకోవాలి. సుర్మా చాలావాటిలో ఉండేది సీసం. కంటి నుంచి వేలికి, వేలి నుంచి నోటికి పోయి పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. కుష్తాలు అంటే లోహాల భస్మాలు, ఎవరో ఇచ్చిన పొట్లంలో పాదరసం ఎంత ఉందో మనకి తెలియదు. కర్పూరం, నీలగిరి నూనె ఒంటికి రాసుకునేవే, చిన్నపిల్లలు మింగితే మూర్ఛలు రావచ్చు. జోషాందాలో వేసే అతిమధురం రోజుల తరబడి తాగితే బీపీ పెరుగుతుంది. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు, షుగరు మందులూ రక్తం పలచబడే మందులూ వాడేవాళ్లు ఏ మూలికైనా సరే అడక్కుండా తీసుకోకూడదు. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మేం తాగే కషాయం పేరు దాచకూడదు, ఆయన వెటకారం చేసినా సరే చెప్పాలి. నిద్రలో గట్టిగా గురక పెట్టి ఊపిరాగి లేచేవాడికి నూనె పనిచేయదు. వారాల తరబడి నిద్ర లేనివాడికీ, చావాలనిపిస్తోందన్నవాడికీ షర్బత్ సరిపోదు. రంజాన్‌లో సహరీ, తరావీహ్‌ల మధ్య నిద్ర విరుగుతుంది. అప్పుడు షుగరు, బీపీ మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలో నెల ముందే అడగాలి.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి జవాబుదారీ అని హదీసు సాహిత్యంలోనే ఉంది. వైద్యం చేయించుకోమని కూడా ఉంది. సాయంత్రం నమాజు అయ్యాక తెలుగు ఊళ్లలో మసీదు గుమ్మం దగ్గర అన్ని కులాల తల్లులూ బిడ్డల్ని ఎత్తుకుని నిలబడతారు, నమాజీలు దువా చదివి ఊదుతారు. ఈ దృశ్యం మాకు ప్రాణం. దువాతో పాటు బిడ్డని దవాఖానకి పంపినప్పుడే అది నిలబడుతుంది. నిద్ర పోయి, మతి చెదిరినవాళ్లని దర్గాల దగ్గర గొలుసులతో కట్టేసిన చరిత్ర కూడా ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు షెడ్లలో ఒకటి తగలబడి, గొలుసులు తెంచుకోలేక 28 మంది చనిపోయారు. వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. మనిషిని గొలుసుతో కట్టటాన్ని 2017 చట్టం పూర్తిగా నిషేధించింది. ఔలియా దగ్గర ఓదార్పు దొరకొచ్చు, గొలుసు మాత్రం ఓదార్పు కాదు.

ఇదంతా జాగ్రత్త లేక జరుగుతోందా? కాదు. ముస్లింలు ఎక్కువగా ఉన్న పల్లెల్లో వైద్య సదుపాయాలు తక్కువని 2006లో సచార్ కమిటీ చెప్పింది. దవాఖాన దూరమైనచోట పొట్లం దగ్గరవుతుంది. ఇక మా నిద్ర పోగొట్టిన కారణాలన్నీ ఒంట్లో లేవు. 1990 డిసెంబరులో పాతబస్తీ రాత్రుల్లో ఎవరు పడుకున్నారు? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక, మా కుర్రాళ్లనే పట్టుకుపోయిన ఇళ్లలో, తరవాత కోర్టులు వాళ్లని నిర్దోషులని వదిలేదాకా తల్లులకి నిద్ర ఎక్కడిది? 2020లో ఊరంతా కషాయాలూ జోషాందాలూ తాగుతున్నప్పుడే కూరగాయల బండివాడి పేరు అడిగి తరిమేశారు. హకీం చెప్పిన ఆరు కారణాల్లో మనసు కదలిక ఒకటి. భయం, దుఃఖం, కోపం ఆ వరసలోవే. ఆ నిద్రలేమికి మూలిక లేదు. దానికి కావాల్సింది న్యాయం.

1906లో హకీం అబ్దుల్ మజీద్ ఢిల్లీలో పెట్టిన హమ్‌దర్ద్ దవాఖానా నుంచి పుట్టిన రూహ్ అఫ్జా షర్బత్‌ని కూడా 2025లో ఒక యోగా గురువు ‘జిహాద్’తో ముడిపెట్టాడు. ఢిల్లీ హైకోర్టు ఆ మాట అంతరాత్మని దిగ్భ్రాంతిపరిచేదని తప్పుపట్టింది. శతాబ్దం పైగా అందరి గొంతూ చల్లబరిచిన షర్బత్‌కి ఈ గతి పట్టించినవాళ్లకి మేం ఇచ్చే జవాబు, మా మందే గొప్పదని ఎదురు అరవటం కాదు. గొప్పలు చెప్పే అంగళ్లు అన్ని మతాల్లోనూ ఉన్నాయి, వాటి పోటీలో చచ్చేది రోగి.

చార్మినార్ పక్కన, ఏడో నిజాం కట్టించిన రాతి భవనంలో సర్కారీ యునానీ దవాఖానా ఇప్పటికీ నడుస్తోంది. ఎర్రగడ్డలో బొల్లి మీద పరిశోధన చేసే యునానీ సంస్థ ఉంది. చదువుకున్న హకీంలున్నారు, వాళ్లలో ఆడపిల్లలు చాలామంది. వాళ్ల దగ్గరికి పోదాం. పొట్లం చేతికిచ్చినవాణ్ని అయిదు ప్రశ్నలు అడుగుదాం. ఇందులో ఏముంది, దేనికి, ఎవరికి చెరుపు, విరుగుడేమిటి, ఎంత తీసుకోవాలి. మా నానీలకి తెలిసిన నూనె మర్దనా, పాలూ, మధ్యాహ్నపు కునుకూ ధీమాగా ఉంచుకుందాం. నల్లమందునీ, కుష్తానీ, చీటీ లేని గోళీనీ బయట పెడదాం. యునానీకి బడ్జెట్టు ఇవ్వమనీ, మందుల్ని పరీక్షించమనీ, మా వాడల్లో డాక్టరుని పెట్టమనీ ప్రభుత్వాన్ని ఒకే నోటితో అడుగుదాం. పిల్లల పాఠ్యపుస్తకంలో దారుల్ షిఫాకి ఒక పేజీ కూడా అడుగుదాం.